చేతి బలానికి కాటా: ఇంట్లో సిమ్ రేసింగ్‌కు హ్యాండ్‌బ్రేక్

(ఒంగోలులో డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో నెల్లూరు ఆటోనగర్ వర్క్‌షాపు యజమాని ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. సిమ్ రేసింగ్ గురించి ఏదైనా చెప్పమని పిలిచారు. ఏదైనా అంటే పొద్దు చాలదు కాబట్టి ఒక్క వస్తువు పట్టుకొచ్చాను: హ్యాండ్‌బ్రేక్. ఇంట్లో స్టీరింగ్, పెడల్స్ పెట్టుకుని కంప్యూటర్‌లో ర్యాలీ నడిపేవాళ్లు, డ్రిఫ్ట్ చేసేవాళ్లు పక్కన బిగించుకునే లివర్. ర్యాలీ అంటే మట్టిదారుల్లో, మామూలు రోడ్ల మీద గడియారంతో పెట్టుకునే కారు పోటీ. డ్రిఫ్ట్ అంటే కారును కావాలనే పక్కకు జారుస్తూ నడపడం. చూడ్డానికి ఇనప కడ్డీ. దాని లోపల మెకానికల్ వాళ్లకు పనుంది, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు పనుంది, కోడింగ్ చేసేవాళ్లకూ పనుంది. మన ఊళ్లలో దొరికే సామానుతో, మన మేస్త్రీల చేతుల్లో ఇది చాలా బాగా తయారవుతుందని నా గట్టి నమ్మకం.

ఈ బల్ల మీద రెండు పెట్టాను చూడండి. ఇది పాత మారుతి 800 లివర్. ఆటోనగర్‌లో తుక్కు కొట్లో దొరికింది. ఆ పక్కన నిలువుగా ఉన్నది మా లేత్ మీద చేసింది. మొదటిది లాగితే జానెడు లేస్తుంది. రెండోది లాగితే రెండు వేళ్ల మందం కూడా కదలదు. ఏది మంచిదని అడిగితే చాలామంది మొదటిదే చూపిస్తారు, బాగా కదులుతోంది కాబట్టి. నేను రెండోదే అంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు అసలు కారు దగ్గరికి పోవాలి.

కాలితో బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలకూ పడుతుంది. చేత్తో లాగే బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. మామూలు కార్లలో అది ఇనప కేబుల్, లోపల పళ్లు, పిడి చివర బొత్తాం. పల్లంలో నిలిపిన బండి దొర్లిపోకుండా పట్టుకోవడమే దాని పని. ఈమధ్య వచ్చే కార్లలో కొన్నిటికి ఆ లివర్ కూడా లేదు, స్విచ్ పెట్టేశారు. మీలో కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న కొంతమంది దాన్ని పట్టుకునే ఉండరు. ర్యాలీ కారులో సంగతి వేరు. అక్కడ లివర్ కింద మాస్టర్ సిలిండర్ ఉంటుంది, వెనక బ్రేకులకు పోయే నూనెను నేరుగా నొక్కుతుంది. పళ్లు ఉండవు, బొత్తాం ఉండదు. లాగితే పడుతుంది, వదిలితే ఆ క్షణమే వదిలేస్తుంది.

దాంతో వాళ్లకు పనేంది? టైరుకుండే పట్టు నెల జీతం లాంటిది. వచ్చేది ఇంతే అని ఉంటుంది. బ్రేకుకు ఖర్చు పెడితే మలుపుకు మిగలదు, మలుపుకు పెడితే బ్రేకుకు మిగలదు. చక్రం పూర్తిగా బిగుసుకుపోయిందంటే మొత్తం ఒక్కచోటే ఖర్చయిపోయినట్టు. బండి పక్కకు పోకుండా పట్టుకునే శక్తి ఆ టైరుకు ఇక లేదు. వెనక చక్రాలను అట్టా బిగించి, ముందు చక్రాలను దొర్లనిస్తే ఏమవుతుంది? ముందు భాగం స్టీరింగ్ మాట వింటుంది, వెనక భాగం జారుతుంది. కారు తన ముందు భాగం చుట్టూ తిరుగుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో వెనక్కి మడిచినట్టుండే మలుపులు చూసే ఉంటారు. అట్టాంటి మలుపును మట్టిరోడ్డు మీద వేగంగా తిప్పాలంటే ర్యాలీ డ్రైవర్‌కు ఈ లివరే దారి. కాలి బ్రేకుతో బరువును ముందుకు తెచ్చి, స్టీరింగ్ తిప్పి, ఒక్క గుంజు గుంజి, కారు ముక్కు బయటి దారి వైపు తిరగగానే వదిలి యాక్సిలరేటర్ తొక్కాలి. సెకను కూడా పట్టదు.

మీ అందరికీ గట్టిగా చెప్తున్నాను, ఆ ఘాట్ మీద గానీ, మీ ఇంటి వీధిలో గానీ నిజం బండితో ఈ పని చేయొద్దు. జారడం మొదలైన బండి ఎక్కడ ఆగుతుందో డ్రైవర్ చేతిలో ఉండదు, ఎదురుగా వచ్చేవాళ్లకు తప్పుకునే సమయం ఉండదు. ఈ ఆట ఇంట్లో ఆడుకోవడానికే ఇంత సామాను తయారుచేస్తున్నది.

ఇంకో రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. వెనక చక్రాలకు ఇంజిన్ శక్తి పోయే బండి అయితే హ్యాండ్‌బ్రేక్ లాగేటప్పుడు క్లచ్ కూడా తొక్కాలి. లేకపోతే బ్రేకు ఇంజిన్‌తో పోట్లాడుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి పోయే నేటి ర్యాలీ కార్లలో లివర్ లాగగానే వెనక వైపు శక్తిని విడగొట్టే ఏర్పాటు ఉంటుంది. మంచి సిమ్యులేటర్లు ఈ తేడాలన్నీ చూపిస్తాయి. 2004లో వచ్చిన రిచర్డ్ బర్న్స్ ర్యాలీ అనే గేమును ఇప్పటికీ జనం మార్పులు చేసుకుంటూ ఆడుతున్నారంటే అందులోని టైరు లెక్కల గొప్పతనం కొంత కారణం. అసెట్టో కోర్సాలో డ్రిఫ్ట్, డర్ట్ ర్యాలీ 2.0లో మట్టిరోడ్లు, ఈఏ స్పోర్ట్స్ డబ్ల్యూఆర్‌సీలో తారు, మంచు, ఒక్కోచోట లివర్ ఒక్కో రకంగా పలుకుతుంది. అదే ఫార్ములా కార్లు, సర్క్యూట్ రేసులు మాత్రమే ఆడేవాళ్లయితే మీకు హ్యాండ్‌బ్రేక్ అక్కరలేదు. ఆ డబ్బు పెట్టి మంచి బ్రేకు పెడల్ కొనుక్కోండి. నా వృత్తికి నష్టమైనా అదే నిజం.

ఇప్పుడు లివర్ లోపలికి పోదాం. మన చెయ్యి ఏం చేసిందో కంప్యూటర్‌కు చెప్పాలి. దానికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది పొటెన్షియోమీటర్. పాత రేడియోలో సౌండు పెంచే గుండ్రటి నాబ్ లోపల ఉండేది అదే. కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు వేలు రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకునేది ఏదైనా అరుగుతుంది. కొన్నాళ్లకు లివర్ ముట్టకపోయినా తెర మీద అంకె వణుకుతుంది. పైగా నెల్లూరు, కావలి, ఒంగోలు, సముద్రం దగ్గర ఊళ్లు మనవి. ఉప్పుగాలి ఎక్కడ చిన్న లోహం కనిపించినా వదలదు. రెండోది హాల్ సెన్సర్. అయస్కాంతం దగ్గరికొస్తే వోల్టేజి మారుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సంగతి. ఒకదాన్నొకటి తాకదు కాబట్టి అరుగుదల లేదు. ఈ మారుతి లివర్‌కు పెట్టింది అదే, తక్కువ ఖర్చులో మంచి పని. రెండూ మన్నికలో వేరుగానీ కొలిచేది ఒకటే: లివర్ ఎంత దూరం జరిగింది.

మూడోది లోడ్‌సెల్. ఇది దూరం కొలవదు, బలం కొలుస్తుంది. మా లేత్ మీద చేసిన లివర్‌లో ఉన్నది ఇదే. అన్ని తేడాల్లోకీ ఇదే పెద్దది.

మాటలెందుకు, చూద్దాం. మీలో ఒకరు రండి. రా తమ్ముడూ, ఇట్టా కుర్చీలో కూర్చో. తెర మీద సున్నా నుంచి వంద దాకా అంకె అందరికీ కనిపిస్తోంది కదా. ముందు మారుతి లివర్ పట్టుకో. తెర చూస్తూ యాభై దగ్గరికి లాగు. ఆ, అక్కడ ఆపు. చేతికి గుర్తు పెట్టుకో. వదిలెయ్. ఇప్పుడు కళ్లు మూసుకుని ఠక్కున లాగు. అరవై మూడు. మళ్లీ. నలభై ఐదు. మళ్లీ. యాభై ఎనిమిది. బాగుంది, ఇప్పుడు రెండోది పట్టుకో. తెర చూస్తూ యాభై దాకా లాగు. ఎంత బలం పెట్టావో గుర్తు పెట్టుకో. కళ్లు మూసుకో, లాగు. యాభై రెండు. మళ్లీ. నలభై తొమ్మిది. మళ్లీ. యాభై మూడు. థాంక్స్ తమ్ముడూ, కూర్చో.

ఈ ఒక్క అబ్బాయి లాగినంత మాత్రాన ఇది శాస్త్రం అయిపోదు. మీరు ఇంటికి పోయి మీ స్నేహితులతో చేసి చూడండి. కానీ కారు బ్రేకు తొక్కే ఎవరి కాలికైనా ఈ సంగతి తెలుసు. ప్యాడ్ డిస్కుకు తగిలాక పెడల్ ఇక పెద్దగా కిందికి పోదు. అక్కడి నుంచి బండి ఎంత ఆగాలన్నది మీరు ఎంత గట్టిగా నొక్కారన్నదాన్ని బట్టే. మాస్టర్ సిలిండర్ ఉన్న ర్యాలీ హ్యాండ్‌బ్రేకూ అంతే. ఆ మార్గంలో పోతోంది కాబట్టే రెండు వేళ్ల మందం కూడా కదలని ఈ లివర్ చేతికి నిజంగా అనిపిస్తుంది.

లోడ్‌సెల్ అనగానే విదేశాల నుంచి తెప్పించాలేమో అనుకోవద్దు. మీరందరూ దాన్ని చూశారు. మా నెల్లూరు వైపు చెరువు గట్టున రొయ్యలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలో ఉండేది అదే. మీ ప్రకాశం వైపు పొగాకు వేలంలో బేళ్లు తూచే కాటాలో ఉండేదీ అదే. అల్యూమినియం దిమ్మె, మధ్యలో రంధ్రాలు, పైన తెల్లటి జిగురు కింద సన్నటి రేకులు. బరువు పడితే దిమ్మె కంటికి కనిపించనంత వంగుతుంది. దాంతోపాటు రేకులోని తీగ సాగుతుంది. సాగిన తీగ పొడుగవుతుంది, సన్నమవుతుంది, దాని రెసిస్టెన్సు పెరుగుతుంది. అట్టాంటివి నాలుగు కలిపి వీట్‌స్టన్ బ్రిడ్జి కడతారు. ఇంటర్లో మీటర్ బ్రిడ్జి ప్రయోగం చేసినవాళ్లకు ఆ పేరు గుర్తుండాలి. ఆ పాఠం ఇక్కడ కూడు పెడుతోంది.

మీ ఊళ్లో కాటాలు రిపేరు చేసే కొట్టుకు పొండి. పాడైన కాటాల్లో చాలావాటికి డిస్‌ప్లేనో బ్యాటరీనో పోయి ఉంటుంది, లోడ్‌సెల్ బాగానే ఉంటుంది. అడిగితే ఇస్తారు. ఆ కొట్టాయన దగ్గర ఒక పూట కూర్చుంటే ఎక్కువ బరువు పడి వంగిపోయిన సెల్‌ను ఎట్టా గుర్తుపట్టాలో కూడా చూపిస్తాడు. పైన ఏ బరువూ లేకపోయినా సున్నాకు రాదు అది.

ఎంత బరువు సెల్ కావాలి? లెక్క చేద్దాం. పిడి దగ్గర నుంచి లివర్ తిరిగే ఇరుసు దాకా 25 సెంటీమీటర్లు. ఇరుసు నుంచి సెల్‌ను నొక్కే చోటికి 5 సెంటీమీటర్లు. అంటే ఐదు రెట్లు. చేత్తో 10 కిలోల బలంతో లాగితే సెల్ మీద 50 కిలోలు పడుతుంది. పోటీ వేడిలో ఎవరైనా 10 దగ్గర ఆగరు, ఒక్కోసారి 20 కిలోలు గుంజేస్తారు. అప్పుడు 100. కాబట్టి 100 కిలోల సెల్ పెట్టండి, దాని ముందు గట్టి రబ్బరు బుష్ ఒకటి ఉంచండి. సస్పెన్షన్ సామాను అమ్మే కొట్లో పాలీయూరిథేన్ బుష్‌లు దొరుకుతాయి. ఉత్త ఇనుము ఇనుమును నొక్కితే చేతికి గోడను లాగినట్టుంటుంది. బుష్ ఉంటే మొదట కాస్త మెత్తగా, పోనుపోను బిగుసుకుంటూ వస్తుంది. ఈ బుష్ ఎంపిక మీదే లివర్ రుచి అంతా ఉంది. రెండు మూడు రకాలు తెచ్చి మార్చి మార్చి లాగి చూసుకోండి, తొందరపడొద్దు.

ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఇప్పుడు కాస్త ముందుకు వంగండి. 5 వోల్టులు ఇస్తే పూర్తి బరువు మీద సెల్ ఇచ్చేది మహా అయితే 10 మిల్లీవోల్టులు, చాలా సెల్‌ల సంగతి ఇదే. దాన్ని పెంచి అంకెగా మార్చాలి. కాటాల కోసమే తయారుచేసిన హెచ్‌ఎక్స్711 అనే చిప్ ఉంది, 24 బిట్లు. చిన్న బోర్డుగా వందల రూపాయల్లో దొరుకుతుంది. దాని తర్వాత ఆర్డునో, అంటే మనం కోడ్ రాసి ఎక్కించుకునే చిన్న బోర్డు, ప్రో మైక్రో గానీ లియోనార్డో గానీ. వీటిలో ఉండే 32యూ4 చిప్ యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు తనను తాను జాయ్‌స్టిక్‌గా పరిచయం చేసుకోగలదు. ల్యాబుల్లో ఎక్కువగా ఉండే ఆర్డునో ఊనో ఆర్3లోని ప్రధాన చిప్‌కు ఆ సౌకర్యం లేదు. కాలేజీ ల్యాబ్‌లో ఊనో ఉంది కదా అని దాంతో మొదలుపెట్టొద్దు.

ఇక్కడ ఒక్క చోట చాలామంది బోల్తా పడతారు. హెచ్‌ఎక్స్711 కాటా కోసం పుట్టింది. రొయ్యల బుట్ట పెట్టినప్పుడు అంకె నిదానంగా వచ్చినా ఎవరికీ నష్టం లేదు. అందుకని మార్కెట్లో దొరికే చాలా బోర్డుల్లో సెకనుకు 10 సార్లే చదివేట్టు కట్టేసి ఉంటుంది. 10 సార్లంటే రెండు రీడింగుల మధ్య సెకనులో పదోవంతు. తెర మీద కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి, అంటే సెకనుకు 20 మీటర్లు. పదోవంతు సెకనులో 2 మీటర్లు పోయింది. మీరు లాగింది ఇక్కడ, కారు విన్నది 2 మీటర్లు దాటాక. వెనకాడుతోంది, వెనకాడుతోంది అని గేమును తిడతారు గానీ తప్పు ఈ చిప్ కాలిది, అంటే పిన్నుది.

దాని మందు ఈ చిప్‌లోనే ఉంది. 15వ నంబర్ కాలు వేగాన్ని నిర్ణయిస్తుంది. అది గ్రౌండుకు కలిసి ఉంటే 10, విద్యుత్తుకు కలిసి ఉంటే 80. దాని పక్కనున్న 16వ కాలు విద్యుత్తుదే. భూతద్దం కింద పెట్టుకుని, సోల్డరింగ్ ఐరన్ సన్నటి మొనతో 15వ కాలిని బోర్డు మీద నుంచి నెమ్మదిగా లేపి, పక్కనున్న 16కు చుక్క సీసంతో కలపండి. అంతే. ఇప్పుడు సెకనుకు 80 సార్లు. అదే వేగంతో పోయే కారు రెండు రీడింగుల మధ్య పావు మీటరే కదులుతుంది. కాలు లేపేటప్పుడు పైకి గుంజితే విరుగుతుంది, సీసం పూర్తిగా కరిగాకే సూదిమొనతో ఎత్తాలి. ఇంకా వేగం కావాలనుకునేవాళ్లు ఈ చిప్ వదిలేసి, చిన్న వోల్టేజి తేడాను పెంచే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ పెట్టి, ఆర్డునో సొంత ఇన్‌పుట్‌తో చదువుకోవచ్చు. అక్కడ 1,024 మెట్లే దొరుకుతాయి. హ్యాండ్‌బ్రేక్‌కు అవి ధారాళంగా సరిపోతాయి.

కోడ్ గురించి ఎక్కువ చెప్పను. చదువు, సున్నా తీసెయ్, వందలోకి మార్చు, జాయ్‌స్టిక్ లైబ్రరీకి ఇవ్వు. మీరు నాకంటే బాగా రాస్తారు.

ఇనుము పని దగ్గరికొద్దాం, నాకు ప్రాణం అక్కడే. ఇరుసు దగ్గర లూజు ఉండకూడదు. ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఒక్క మిల్లీమీటరు లూజు ఉంటే 25 సెంటీమీటర్ల దూరంలో పిడి దగ్గర 5 మిల్లీమీటర్లు ఊగుతుంది. ఎంత గొప్ప సెన్సర్ పెట్టినా చెయ్యి దాన్ని క్షమించదు. ఉత్త బోల్టు మీద తిప్పొద్దు. 608 బేరింగులు రెండు తెచ్చుకోండి. లోపల 8 మిల్లీమీటర్లు, బయట 22, మందం 7, ఏ కొట్లో అడిగినా ఇస్తారు. రెండిటి మధ్య కాస్త దూరం ఉంచి బిగిస్తే లివర్ పక్కకు ఊగదు. లివర్‌ను పట్టుకునే ఇనప రేకు మందం 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

లేత్ అందుబాటులో లేనివాళ్లు ఈ మారుతి లివర్‌తో మొదలుపెట్టొచ్చు. మారుతి 800 మన దేశంలో 1983 నుంచి 2014 దాకా తయారైంది, కాబట్టి తుక్కులో దీనికి కరువు లేదు. లోపల పళ్ల మీద పడే నాలుక ఒకటుంటుంది. ఇదిగో, బొత్తాం నొక్కితే ఈ సన్నటి కడ్డీ దాన్ని లేపుతుంది. ఆ నాలుకను పట్టి ఉంచిన రివెట్ తల గ్రైండర్‌తో తీసేసి, నాలుకను బయటికి లాగేస్తే లివర్ స్వేచ్ఛగా వెనక్కి వస్తుంది. కేబుల్ తగిలించే చోట స్ప్రింగు వేసుకోవాలి. చేతికి ఉక్కు పట్టు, అసలు కారు సామాను, ఖర్చు తక్కువ. పళ్లు తీసేయకుండా బొత్తాం నొక్కి పట్టుకుని ఆడేవాళ్లను చూశాను. మొదటి మలుపులోనే బొటనవేలు వదులుతుంది, లివర్ పైనే ఇరుక్కుంటుంది, కారు చెట్టుకు పోతుంది.

ఇక బిగింపు. అన్నిటికంటే ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఇదే, అందుకని నిదానంగా చెప్తాను. ప్లైవుడ్ కంప్యూటర్ బల్లకు క్లాంపుతో బిగిస్తే లాగిన ప్రతిసారీ బల్ల వంగుతుంది. బల్ల వంగినంత బలం సెల్‌కు చేరదు. చక్రాల కుర్చీలో కూర్చుని లాగితే లివర్ మీ దగ్గరికి రాదు, మీరే లివర్ దగ్గరికి పోతారు.

మీ చీమకుర్తి ఇక్కడికి దగ్గరే కదా. గెలాక్సీ గ్రానైట్ ముక్కలు పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పడి ఉంటాయి. బరువు కోసం అట్టాంటి బండ మీద బిగిస్తే చాలదా అని అడుగుతుంటారు. లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల పొడుగు, 40 వెడల్పు, 2 మందం ఉన్న బండ దాదాపు 14 కిలోలు తూగుతుంది. లివర్ పిడి నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 10 కిలోలతో లాగితే బండను ఎత్తి పడేయడానికి ప్రయత్నించేది 10 ఇంటూ 40, నాలుగు వందలు. బండ తన బరువుతో ఆపేది 14 ఇంటూ 30 (పొడుగులో సగం), నాలుగు వందల ఇరవై. అంచు మీద నిలబడింది. ఇంకో కిలో ఎక్కువ లాగితే బండ అవతలి కొస లేస్తుంది. బరువుతో గెలవాలంటే గెలవలేం.

గెలిచేది ఎట్టా అంటే కుర్చీ, లివర్ రెండూ ఒకే చట్రానికి బిగించాలి. మీరు లివర్‌ను వెనక్కి లాగినప్పుడు మీ నడుము కుర్చీని అంతే బలంతో ముందుకు నెడుతుంది. రెండూ ఒకే ఫ్రేములో ఉంటే ఆ బలాలు ఫ్రేములోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నేలకు దాంతో పని లేదు. అప్పుడు బండ కూడా అక్కరలేదు. విదేశాల్లో అల్యూమినియం ప్రొఫైల్‌తో, అంటే గాళ్లున్న అల్యూమినియం దూలాలతో కడతారు. మనకు 40 మిల్లీమీటర్ల చదరపు ఇనప పైపు, వెల్డింగ్ షాపు చాలు. పాత కారు సీటు తుక్కులోనే దొరుకుతుంది, దాని పట్టాలతో సహా తీసుకోండి, ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. లివర్ పిడి స్టీరింగ్‌కు దగ్గరగా, దాదాపు దాని కింది అంచు ఎత్తులో ఉండాలి. స్టీరింగ్ వదిలి లివర్ పట్టుకుని మళ్లీ స్టీరింగ్ మీదికి రావడానికి ఎంత తక్కువ దూరం ఉంటే అంత మేలు. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ చేతికి పెట్టుకోమంటాను. చెయ్యి అలవాటు అటే ఉంది.

బిగించాక గేములో అమరిక. చెయ్యి ఊరికే ఆనించినా బ్రేకు పడకుండా మొదట్లో కాస్త ఖాళీ వదలండి. పై కొస మాత్రం మీ పూర్తి బలం దగ్గర పెట్టొద్దు. మీరు లాగగలిగిన గరిష్ఠంలో మూడింట రెండొంతుల దగ్గర వంద చూపించేట్టు పెట్టుకోండి. ర్యాలీలో ఒక్కో స్టేజీ, అంటే గడియారం పెట్టి నడిపే ఒక్కో రోడ్డు ముక్క, పది నిమిషాలు దాటొచ్చు. చివరి మలుపులో కూడా మొదటి మలుపులో లాగినట్టే లాగాలి కదా.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చెల్లెలు చెయ్యెత్తింది.

మంచి ప్రశ్న. ర్యాలీ మలుపులో ఎటూ పూర్తిగా బిగించడమే కదా, స్టీరింగ్ మీద బొత్తాం నొక్కితే చాలదా అంటోంది. మట్టి మీద చాలా మలుపుల్లో చాలు. బొత్తాంతో నడిపే మంచి ఆటగాళ్లు ఉన్నారు. తారు మీదికి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది, అక్కడ టైరు పట్టు ఎక్కువ, ఒక్కసారిగా బిగిస్తే కారు ఆగిపోయినట్టవుతుంది. ఇక డ్రిఫ్ట్‌లో బొత్తాం పనికిరాదు. అక్కడ కారు జారుతూనే ఉంటుంది, ముందున్న కారుకు దగ్గరవకుండా కాస్త వేగం తగ్గించాలి, కోణం కాస్త పెంచాలి, అంతా పాతిక శాతం, నలభై శాతం లాగుళ్లలోనే. నువ్వు ఏది ఆడతావమ్మా? డ్రిఫ్టా? అయితే లోడ్‌సెల్ పెట్టుకో.

వెనక నుంచి ఇంకో మాట వచ్చింది, ఇదంతా నేర్చుకుంటే నిజం ర్యాలీకి పోగలమా అని. మా నెల్లూరు నుంచి మద్రాసు పోయే హైవే మీదే షోలవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. రెండూ మనకు ఒక పూట ప్రయాణం. అయినా మన జిల్లాల నుంచి అక్కడికి పోయి కారు తోలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాలి. కారణం ప్రతిభ కాదు, డబ్బు. ఒక్క ర్యాలీకి టైర్లు, పెట్రోలు, సర్వీస్ మనుషులు అంటే మధ్యతరగతి ఇంటికి మోయలేని భారం. ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్‌కు 2019లో అర్జున అవార్డు వచ్చింది, మోటార్ స్పోర్ట్ నుంచి అది తొలిసారి. అంత ఆలస్యంగా గుర్తించిన ఆటలో మన పిల్లలకు ఇంట్లో కూర్చుని బండి బరువు ఎటు పోతుందో, టైరు ఎప్పుడు వదులుతుందో నేర్చుకునే అవకాశం దొరికిందంటే నాకు అది చిన్న విషయంగా కనిపించదు. సిమ్యులేటర్‌లో నేర్చిందంతా కారులో పనికొస్తుందని చెప్పను. నడుము కింద కారు జారే అనుభూతి ఇక్కడ రాదు. చూపు ఎక్కడ పెట్టాలి, బ్రేకు ఎప్పుడు వదలాలి, లివర్ ఎంతసేపు పట్టాలి, ఇవి వస్తాయి. వాటితో ట్రాక్ మీదికి పోయిన పిల్లవాడు ఖర్చయ్యే ప్రతి లీటరు పెట్రోలుకూ ఎక్కువ నేర్చుకుంటాడు.

ఆఖరు ప్రశ్న, కన్సోల్, అంటే ప్లేస్టేషన్ లాంటి గేము పెట్టె ఉన్నవాళ్ల సంగతి. ఇది ముందే అడగాల్సింది. మనం ఇట్టా చేసుకున్న యూఎస్‌బీ లివర్‌ను కంప్యూటర్ గుర్తిస్తుంది. దాదాపు కొత్త గేములన్నీ స్టీరింగ్ ఒక సాకెట్‌లో, హ్యాండ్‌బ్రేక్ ఇంకో సాకెట్‌లో ఉన్నా రెండిటినీ తీసుకుంటాయి. కన్సోల్‌లో అట్టా కాదు. అక్కడ లివర్ సాధారణంగా స్టీరింగ్ బేస్, అంటే స్టీరింగ్ బిగించి ఉండే మోటారు పెట్టె గుండానే పోవాలి, అదీ ఆ కంపెనీ సాకెట్‌కు సరిపోయేదై ఉండాలి. కాబట్టి కన్సోల్ వాళ్లు ఇనుము కొనకముందే మీ బేస్ వెనక హ్యాండ్‌బ్రేక్ సాకెట్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు, కంప్యూటర్ ఉన్న స్నేహితుడితో కలిసి చేయండి.

ఇప్పుడు అందరూ ముందుకు రండి, ఈ రెండో లివర్ విప్పుతాను. మూతకు ఎం6 బోల్టులు నాలుగు, 5 మిల్లీమీటర్ల అలెన్ కీ కావాలి, ఆ ఎర్ర డబ్బాలో ఉంది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఇటు పక్క నిలబడండి, చిప్ కాళ్లు మీకు దగ్గరగా కనిపించాలి.